గాలియం గారి బదిలీ

మార్చి రెండో వారంలో, ఒక మంగళవారం పొద్దున్న, చలవపెట్టెలో భద్రంగా వచ్చిన రెండు వందల గ్రాముల గాలియం లోహాన్ని దేవకరుణ సంతకం పెట్టి తీసుకుంది. తనకు కాబోయే పై అధికారిని చేతుల్లోకి తీసుకుంటున్నానని ఆమెకు అప్పుడు తెలియదు.

అంతరిక్ష లోహ పరిశీలన కేంద్రం పల్నాడులో, నాపరాళ్ల గనుల మధ్య ఉంది. అంతరిక్షం ఎక్కణ్నించైనా దాదాపు ఒకే దూరం కనక ఎక్కడ కట్టినా ఫరవాలేదని కట్టినవాళ్లు నిర్ణయించారు. వేసవిలో అక్కడ నలభై అయిదు డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ కేంద్రంలో దేవకరుణ పదిహేడేళ్లుగా నమూనాల సంరక్షకురాలు. వచ్చిన ప్రతి లోహపు ముక్కా ఆమె బీరువాలో ఉండాలి, అడిగినప్పుడు కనబడాలి. టైటానియం బిళ్లలు, టంగ్‌స్టన్ కడ్డీలు, నియోబియం రేకులు, ఏవీ ఇన్నేళ్లలో ఆమెకు ఒక్క మాట కూడా తెచ్చిపెట్టలేదు.

రసీదు ఫారంలో ఏడో గడి ఇలా ఉంది: "వస్తువు స్థితి: ఘనము, ద్రవము, వాయువు. ఒకదానికి మాత్రమే టిక్కు పెట్టవలెను." సీసాలో వెండిలా మెరిసే గడ్డ కదలకుండా కూర్చుని ఉంది. దేవకరుణ ఘనానికి టిక్కు పెట్టింది.

ఆ లోహాన్ని తెప్పించింది డాక్టర్ నౌషీన్. నరసరావుపేట అమ్మాయి. కేంద్రంలో నిజంగా పరిశోధన చేసే ఇద్దరు ముగ్గురిలో ఒకతె. సీసా చూడగానే చిన్న ముక్క తీసి దేవకరుణ అరచేతిలో పెట్టింది.

"గుప్పెట మూసి కాసేపు ఉండక్కా."

నాలుగు నిమిషాల తర్వాత తెరిస్తే ముక్క లేదు. అరచేతి గీతల్లో పాదరసంలాంటి బొట్టు అటూ ఇటూ దొర్లుతోంది. వేళ్లకు బూడిద రంగు అంటుకుంది.

"ముప్పై డిగ్రీలు దాటకముందే కరిగిపోద్ది," అంది నౌషీన్. "కానీ మరగాలంటే రెండు వేల డిగ్రీల పైనే కావాలి. మధ్యలో అంత దూరమూ ద్రవంగానే ఉంటది. పైగా శూన్యంలో పెట్టినా ఆవిరై పోదు. అంతరిక్షంలో ఉపగ్రహానికి ఎండవైపు మాడిపోద్ది, నీడవైపు గడ్డకడద్ది. ఉక్కు గొట్టంలో దీన్ని పోసి తిప్పామనుకో, ఎండవైపు వేడిని మోసుకెళ్లి నీడవైపు దింపేసి వస్తది. అక్టోబరులో లేచే రాకెట్ మీద మన గొట్టానికి చోటిచ్చారు. జూన్ నెలాఖరుకల్లా నింపి, సీలు వేసి పంపించాలి."

"విషమా?"

"కాదు. అల్యూమినియానికి మాత్రం యముడు. దగ్గరకు రానీయకు."

దేవకరుణ చేతులు కడుక్కుని, అల్యూమినియానికి దూరంగా ఉంచవలెనని చీటీ రాసి సీసాకు అంటించి, దాన్ని చెక్క అరలో పెట్టింది.

ఏప్రిల్ ఆఖర్లో ప్రధాన కార్యాలయం నుంచి పరిశీలనాధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఉతికి ఆరేసిన చొక్కాలాంటి మనిషి. జాబితా చూస్తూ ఒక్కొక్క లోహాన్నీ వేలితో తాకి, తాకినట్టు రాసుకుంటూ వచ్చాడు. గాలియం సీసా దగ్గర ఆగాడు. బయట నలభై మూడు, గదిలో ముప్పై ఎనిమిది.

"ఇందులో ఘన గాలియం ఉండాలి. ఎక్కడుంది?"

"అదేనండీ. కరిగింది."

"ఎవరి అనుమతితో?"

దేవకరుణ కిటికీ వైపు చూసింది. పరిశీలనాధికారి కూడా చూశాడు. అక్కడ ఎండ తప్ప ఎవరూ లేరు.

"పైగా పేరులో గాలి ఉంది," అన్నాడతను. "కాగితం మీద ఘనం, సీసాలో ద్రవం, పేరు చూస్తే వాయువు. ఇందులో ఏది నిజమో మీరే తేల్చుకోండి."

వారం తిరక్కుండా రెండు మెమోలు వచ్చాయి. మొదటిది: "కేంద్రమునకు అందిన ఘన లోహము పరిశీలన సమయమున కనబడకపోవుటకు సంజాయిషీ." రెండోది: "కేంద్రమునకు ఎన్నడునూ అందని ఒక ద్రవము సంరక్షకురాలి బీరువాలో దొరుకుటకు సంజాయిషీ." పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే సస్పెన్షన్.

దేవకరుణ ఆ రెండు కాగితాలూ ఇంటికి తీసుకెళ్లలేదు. భర్త పోయిన తర్వాత ఆ ఇల్లు నిలబడింది ఈ ఉద్యోగం మీదే. కాగితాలు చూస్తే అత్తగారు అన్నం మానేస్తుంది. వాటిని టంగ్‌స్టన్ కడ్డీల కింద పెట్టి తాళం వేసింది.

డైరెక్టరు భానోజీరావు సమావేశం పెట్టాడు. విజయనగరం వైపు మనిషి, రిటైర్మెంటుకు రెండేళ్లుంది, ఆ రెండేళ్లూ ఏ శబ్దమూ లేకుండా గడవాలని కోరిక. పక్కన పరిపాలనాధికారి గరుడాచలం. నిబంధనల పుస్తకం చూడకుండా పేజీ నెంబరుతో సహా చెప్పగలడు. చెడ్డవాడు కాదు. నిబంధన ఒప్పుకుంటే ఎవరికైనా సాయం చేస్తాడు.

నౌషీన్ ద్రవీభవన స్థానం గురించి పావుగంట చెప్పింది. బొమ్మ గీసి చూపించింది.

"బావుందమ్మా," అన్నాడు భానోజీరావు. "ఇది పెకృతి ధర్మం. ఒప్పుకున్నాను. కానీ పెకృతి మెమోకి జవాబు రాయదు కదా. మనం రాయాల. గట్టిగా ఉంచలేమా దాన్ని?"

"చల్లగా ఉంచితే గట్టిగానే ఉంటది సార్. కానీ నాకు కావాల్సింది ద్రవమే."

"నీకేం కావాలో తర్వాత చూద్దాం. ముందు ఫారానికేం కావాలో చూడాల."

ఫ్రిజ్ సంగతి వచ్చింది. కేంద్రంలో ఉన్నది ఒక్కటే ఫ్రిజ్, అది క్యాంటీనుది, తినదగనివి అందులో పెట్టరాదని ఉత్తర్వుంది. డైరెక్టరు గదిలో ఏసీ ఉంది, కానీ ఆయన గదిలో పెడితే ఆయన బాధ్యత అవుతుందని ఆయనే అన్నాడు. బీరువా గదికి ఏసీ అడుగుదామంటే, డిప్యూటీ డైరెక్టరు స్థాయికి తక్కువైన వారికి ఏసీ ఇవ్వరాదు, పేజీ నూట పన్నెండు.

గరుడాచలం కళ్లు మూసుకున్నాడు. పేజీలు తిరగేస్తున్నాడని అందరికీ అర్థమైంది.

"సార్, మనకు డిప్యూటీ డైరెక్టరు పోస్టు మూడేళ్లుగా ఖాళీ. ఏసీ గది తాళం వేసుంది. ఆ పోస్టుకు ఎవరుండాలనేది చదివాను. కేంద్రం ఆధీనములో ఉన్న, లోహములతో నేరుగా సంబంధము గల, ఏ ఆరోపణలూ లేని... అని ఉంది సార్. మనిషి అని ఎక్కడా లేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. భానోజీరావు మెల్లిగా అడిగాడు: "ఆరోపణలు?"

"మెమోలు దేవకరుణమ్మ మీదున్నయి సార్. లోహం మీద ఒక్కటి కూడా లేదు."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, గాలియం లోహమును తాత్కాలిక ప్రాతిపదికపై డిప్యూటీ డైరెక్టరు (ఘన)గా నియమించడమైనది. సదరు అధికారి కార్యాలయ వేళలయందు ఘనస్థితిలో ఉండవలెను." దేవకరుణకు ఆ అధికారి సహాయకురాలిగా అదనపు బాధ్యత ఇచ్చారు. సంజాయిషీల్లో, ఘన లోహము పదోన్నతిపై వేరే గదికి మారినదని రాసి పంపారు. ప్రధాన కార్యాలయం తృప్తిపడింది.

హోదాకు సీసా బాగుండదని గాజు జాడీ తెచ్చారు. అంతరిక్ష కేంద్రానికి తగినట్టుంటుందని ఆ గదికి ఎప్పుడో కొన్న అల్యూమినియం బల్ల ఉంది. బల్ల మార్చమని దేవకరుణ రాసిచ్చింది. అధికారుల బల్లల విషయం సహాయకుల పరిధిలోనిది కాదని జవాబొచ్చింది. ఆమె జాడీ కింద ఒక చెక్కపలక పెట్టి, రోజూ పది గంటలకు వెళ్లి తలుపు కొట్టి, లోపలికి పోయి, గాలియం గట్టిగా ఉందో లేదో చూసి, హాజరు వేసేది. మొదటి రోజు తలుపు కొట్టకుండా వెళితే గరుడాచలం మందలించాడు.

"పై అధికారి గది గదమ్మా. మర్యాద అనేది ఒకటుంటది."

మే నెలలో ఫైళ్లు ఆ గదికి వెళ్లడం మొదలైంది. డిప్యూటీ డైరెక్టరు చూడాల్సిన ఫైళ్లు మూడేళ్లుగా ఆగిపోయి ఉన్నాయి. వాటిని జాడీ ముందు మూడు రోజులుంచి, అభ్యంతరము తెలుపలేదు గనుక ఆమోదించినట్లు భావించడమైనది అని రాసి బయటికి తెచ్చేవారు. కేంద్రంలో పనులు అంత వేగంగా ఎన్నడూ జరగలేదు. బయటి కాంట్రాక్టర్లు కొత్త అధికారి చాలా నిక్కచ్చి మనిషట, ఎవరినీ కలవడట అని గౌరవంగా చెప్పుకున్నారు.

నౌషీన్ ఒక్కతే తలుపు దగ్గర నిలబడి వేడుకునేది. "నూట యాభై గ్రాములు చాలు సార్. గొట్టంలో పోసుకుంటాను."

"ఏందమ్మా మీరనేది?" అన్నాడు గరుడాచలం. "డిప్యూటీ డైరెక్టరు గారిలో ముప్పాతిక భాగం కరగబెట్టి గొట్టంలో పోస్తారా? రేపు నన్నడిగితే ఏం చెప్పాలి?"

మే మూడో వారంలో కరెంటు కోతలు వచ్చాయి. ఏసీ ఆగినప్పుడల్లా గాలియం కరిగేది, కరెంటు వచ్చి గది చల్లబడగానే గడ్డకట్టేది. అన్ని లోహాల్లా కాదది. గట్టిపడేటప్పుడు ఒళ్లు పెరుగుతుంది. రెండో రోజుకు జాడీ అడుగున వెంట్రుకలాంటి చీలిక వచ్చింది. మూడో రోజు సెలవు. నాలుగో రోజు పొద్దున్న దేవకరుణ తలుపు కొట్టి వెళ్లేసరికి ఒక చెంచాడు గాలియం చెక్కపలక దాటి బల్ల మీదికి పాకి ఉంది. మెరుపు పోయి, ఆ చోటంతా బూడిదలా పొడిబారింది. ఆమె జాడీని రెండు చేతులా ఎత్తి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది. వెంటనే వెళ్లి చెప్పింది.

గరుడాచలం స్వయంగా చూడటానికి వచ్చాడు. "ఏదీ, ఏమైంది? బానే ఉందిగా బల్ల," అంటూ మోచేయి ఆనించాడు. బల్ల రెండు ముక్కలైంది. బిస్కెట్టు విరిగినట్టు విరిగింది. గరుడాచలం మూడేళ్ల ఫైళ్లతో సహా నేల మీద కూర్చున్నాడు.

దేవకరుణ లేపబోతే చెయ్యి అడ్డం పెట్టి, కూర్చున్న చోటి నుంచే అడిగాడు. "అధికారికేం కాలేదు గదా?"

విచారణలో, దెబ్బతిన్న బల్ల డిప్యూటీ డైరెక్టరు హోదాకు తట్టుకోలేని నాసిరకముదని తేలింది.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. జూన్ మొదటి వారంలో సంయుక్త సంచాలకుడి పోస్టుకు పదోన్నతుల జాబితా వచ్చింది. ఆ పోస్టు కోసం గరుడాచలం తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. జాబితాలో ఆయన పేరు రెండోది.

మొదటి పేరుకు ఎదురుగా వార్షిక రహస్య నివేదిక సారాంశం ఉంది. అది గరుడాచలమే రాశాడు. నిజాయితీపరుడు కనక ఉన్నదున్నట్టే రాశాడు. "మితభాషి. సెలవు పెట్టలేదు. ఎవరి నుండియు ఏమియు స్వీకరించలేదు. ఒత్తిడికి లొంగరు. కొంచెము వేడికి కరుగు స్వభావము గలదు, అది మానవతా లక్షణముగా పరిగణించవచ్చును. అత్యుత్తమము."

ఆయన ఆ కాగితం పట్టుకుని దేవకరుణ బీరువా గదికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. పదిహేడేళ్లలో ఎప్పుడూ ఆ గదిలో కూర్చోలేదు.

"నా కొలీగ్సంతా జాయింటు డైరెక్టర్లయి రిటైరైపోయారమ్మా. నా భార్య మొన్న కొత్త పట్టుచీర కూడా తీసుకుంది, ఈసారి ఖాయమని. ఇప్పుడు ఇంటికెళ్లి ఏమని చెప్పను? ఒక డబ్బా నాకంటే ముందుందని చెప్పనా?"

దేవకరుణకు నవ్వు రాలేదు. ఆయన కళ్లు నిజంగానే తడిశాయి. మంచినీళ్లిచ్చింది. ఆ పొద్దున్నే నౌషీన్ ఇదే స్టూలు మీద కూర్చుని ఇలాగే ఏడ్చింది. ఇంకో మూడు వారాల్లో గొట్టం పంపకపోతే రాకెట్ మీద ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. నాలుగేళ్ల పని. ఒకే డబ్బా కోసం ఇద్దరు ఏడుస్తున్నారు. ఒకరికి అది గొట్టం లోపల కావాలి, ఇంకొకరికి అది కేంద్రం బయటికి పోవాలి.

"సార్," అంది దేవకరుణ, "బదిలీ చేస్తే?"

గరుడాచలం గ్లాసు దించాడు.

"ఇక్కణ్నించి బదిలీ అయితే ఇక్కడి జాబితాలో పేరుండదు గదా సార్."

"ఉండదు," అన్నాడు మెల్లిగా. "పేజీ అరవై ఏడు. కానీ ఎక్కడికి? ఏ ఆఫీసువాళ్లు తీసుకుంటారు?"

"నౌషీన్ గారి గొట్టం మన కేంద్రం ఆస్తే గదా సార్. పైకెళ్లాక అది మన కేంద్రానికి ఉపకేంద్రం అవుద్ది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది. "ప్రయాణంలో అధికారి ఏ స్థితిలో ఉండాలనేది ఎక్కడా లేదమ్మా! కార్యాలయ వేళల్లో ఘనంగా ఉండాలన్నారు. ప్రయాణ కాలం కార్యాలయ వేళ కాదు!"

ఉత్తర్వు రెండు రోజుల్లో తయారైంది. అంత త్వరగా బదిలీ జరగడం ఆ జిల్లాలో ఎవరూ ఎరగరు. "పరిపాలనా అవసరముల దృష్ట్యా డిప్యూటీ డైరెక్టరు (ఘన) వారిని, భూమికి సుమారు మూడు వందల యాభై కిలోమీటర్ల ఎగువన గల ఉపకేంద్రమునకు బదిలీ చేయడమైనది. సదరు అధికారి డాక్టర్ నౌషీన్ వారి గొట్టము ద్వారా ప్రయాణించవలెను." భానోజీరావు సంతకం పెట్టే ముందు ఒక్కటే అడిగాడు. "ఇంత సిన్న గదిలో గొడవెట్టకుండా ఉన్న ఆపీసర్ని ఇంకెక్కడన్నా సూసేవా, గరుడాచలం? పంపించాలంటే మనసొప్పట్లేదయ్యా." అని పెట్టేశాడు.

వీడ్కోలు సభ సమావేశ మందిరంలో జరిగింది. దానికి ఏసీ లేదు. గాలియం డబ్బాను మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, పైన శాలువా కప్పారు. భానోజీరావు గంటసేపు మాట్లాడాడు. గరుడాచలం ఇంకో ముప్పావుగంట మాట్లాడాడు. వారు ఎన్నడూ నా మాటకు అడ్డు చెప్పలేదంటూ డబ్బా మీద శాలువా సవరించాడు. వెనక వరుసలో నౌషీన్ ఒళ్లో ఉక్కు గొట్టం, చేతిలో పెద్ద సిరంజి పట్టుకుని కూర్చుంది. ముందే గోరువెచ్చగా వేడిచేసి ఉంచిన గొట్టాన్ని నిమిషానికోసారి తడిమి చూసుకుంటోంది.

వందన సమర్పణ అయ్యేసరికి గది నలభై డిగ్రీలుంది. దేవకరుణ శాలువా తీసింది. డబ్బాలో అద్దంలాంటి ద్రవం. సభలో ఉన్నవాళ్లంతా వంగి చూశారు. ఒక్కొక్కరి ముఖమూ అందులో కనిపించింది.

"ఇక బయల్దేరండి సార్," అంది దేవకరుణ డబ్బాతో, అలవాటుగా.

దేవకరుణ డబ్బా వంచి పట్టుకుంది. సిరంజితో తీసి, గొట్టంలోకి ఎక్కించి, నూట యాభై గ్రాములు నిండాక మూత బిగించారు. సీలు వేస్తున్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బాలో మిగిలిన కొంచెమూ దేవకరుణ బీరువాకు తిరిగి వచ్చింది. ఈసారి ఆమె ఫారంలో మూడు గడులూ వదిలేసి, పక్కన "వాతావరణమును బట్టి" అని రాసింది. దాని మీద ఇంతవరకు ఎవరూ మెమో పంపలేదు.

రాకెట్ అక్టోబరులో లేచింది. గొట్టం ఉన్న పెట్టెను రాకెట్ చివరి భాగానికే బిగించారు, అది పైన అలాగే తిరుగుతూ ఉంటుంది. పైనుంచి మొదటి అంకెలు వచ్చినరోజు నౌషీన్ పరిగెత్తుకుంటూ బీరువా గదికి వచ్చింది. "తిరుగుతోందక్కా! ఎండవైపు నుంచి నీడవైపుకి, నీడవైపు నుంచి ఎండవైపుకి. ఒక్క చోట కూడా ఆగలేదు!" దేవకరుణ ఆ అమ్మాయి తల నిమిరి, పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నావా అని అడిగింది. తినలేదు. క్యాంటీనుకు తీసుకెళ్లి ఇడ్లీ పెట్టించింది.

గరుడాచలం అప్పటికే సంయుక్త సంచాలకుడు. పట్టుచీర కట్టుకుని భార్య వచ్చి గది చూసి వెళ్లింది. అంతా సుఖంగా ఉన్న సమయంలో ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "బదిలీ అయిన డిప్యూటీ డైరెక్టరు (ఘన) వారు నూతన స్థానమున చేరినట్లు చేరిక నివేదిక ఇంతవరకు అందలేదు. ఏడు రోజులలోగా స్థానిక అధికారి ప్రత్యక్షముగా చూసి ధ్రువీకరించవలెను."

నౌషీన్ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కకట్టింది. గురువారం సాయంత్రం ఆరూ ముప్పై ఎనిమిదికి అది పల్నాడు మీదుగా వెళుతుంది. సూర్యుడప్పుడే దిగిపోయి ఉంటాడు, పైన దానికి మాత్రం ఇంకా ఎండ తగులుతూ ఉంటుంది కనక కంటికి కనిపిస్తుంది.

ఆరున్నరకు గరుడాచలం, దేవకరుణ, నౌషీన్ డాబా ఎక్కారు. నాపరాళ్లు పగటి వేడిని ఇంకా వదులుతున్నాయి. గరుడాచలం ఫైలు, పెన్ను తెచ్చుకున్నాడు. పడమటి దిక్కున, గని రాళ్లగుట్ట పక్కనుంచి, చుక్కలాంటిది ఒకటి లేచింది. మిణుకుమిణుకుమనకుండా, తొందరపడకుండా, నెత్తి మీదికి వస్తోంది.

"అదేనా?"

"అదే సార్."

గరుడాచలం ఫైలు చంకలో పెట్టుకున్నాడు. పై గుండీ పెట్టుకున్నాడు. చుక్క నడినెత్తికి వచ్చేసరికి, తనకు తెలియకుండానే, రెండు చేతులూ జోడించాడు. అది తూర్పున మసకలో కలిసిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. దేవకరుణ, నౌషీన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చేతులు దించి ఆయన దగ్గాడు.

"ఎంతైనా సీనియర్ గదమ్మా," అని, ఫైలు తెరిచి సంతకం పెట్టాడు.